పాఠం చెప్పడమొక్కటే కాదు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సాహిత్యం చెప్పే ప్రొఫెసరుకు పనేముంటుందండీ? రోజుకో క్లాసు, ఆపైన సెలవేగా!" అని మొన్న మన మిత్రులొకరు నవ్వుతూ అన్నారు. దానికి జవాబుగా మన కృష్ణా జిల్లావారైన ఆచార్య పింగళి లక్ష్మీకాంతం గారిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మన బెజవాడలోనే ప్రారంభమైంది. 1930లో వాల్తేరు తరలింది. ఆ మరుసటి ఏడు లక్ష్మీకాంతం గారు అక్కడ తెలుగు బోధించడానికి చేరారు. 1894లో ఆర్తమూరులో జన్మించిన ఆయన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారి శిష్యులు. కాటూరి వేంకటేశ్వరరావు గారితో కలిసి జంటకవిగా అప్పటికే పేరున్నవారు.

అయితే కవిత్వం చెప్పడం వేరు, దానిని విశ్వవిద్యాలయంలో బోధించడం వేరు. ప్రతిపదార్థం, తాత్పర్యం చెబితే అక్కడ సరిపోదు. ఈ కావ్యం గొప్పదని ఎందుకంటున్నాం? ఏ కాలంలో, ఏ పరిస్థితుల్లో పుట్టింది? మన అలంకారికులు ఏమన్నారు, పాశ్చాత్య విమర్శకులు ఏమన్నారు? వీటన్నిటికీ విద్యార్థి తనంతట తాను జవాబు వెతుక్కునేట్టు చేయాలి. ఒక్క గంట పాఠం వెనుక ఎన్నో గంటల చదువు ఉంటుంది. ప్రశ్నపత్రాలు, జవాబు పత్రాలు, పాఠ్యప్రణాళికలు సరేసరి. ఆయన "సాహిత్య శిల్ప సమీక్ష", "ఆంధ్ర సాహిత్య చరిత్ర" తెలుగు ఎం.ఏ. విద్యార్థులకు తరతరాలుగా చేతిపుస్తకాలైనాయి.

మనబోటి వారికి ముఖ్యమైన సంగతి ఇకమీదట ఉంది. 1949లో ఆయన ఆ ఉద్యోగం విరమించారు. అంతటితో పడక కుర్చీకి అంకితం కాలేదు. 1954లో, అరవయ్యో ఏట, విజయవాడ ఆకాశవాణిలో సలహాదారుగా చేరి 1961 వరకూ పనిచేశారు. ఆ తర్వాత అరవైయేడేళ్ళ వయసులో తిరుపతి వెళ్ళి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 1965 వరకూ మళ్ళీ పాఠాలు చెప్పారు. 1972లో కాలధర్మం చెందారు. మనిషి వెళ్ళిపోయినా, కాగితం మీద పెట్టిన పాఠం నిలిచింది.

నిలవనిది కూడా చూశాను. వన్ టౌన్‌లో మా వీధిలోనే ఒక తెలుగు లెక్చరరు గారుండేవారు. క్లాసుకోసం రాసుకున్న నోటు పుస్తకాలు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉండేవి. ఆయన పోయిన నెలకు వాటిని తూకానికి ఇచ్చేశారు. పిల్లల తప్పు కాదు, అవేమిటో వారికెవరూ చెప్పలేదు. పక్కింట్లో ఉండి నేనూ అడగలేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

అందుచేత నాదొక్కటే మనవి. మీరు ఏ శాఖలో పనిచేసినా సరే, నేర్చుకున్నది నాలుగు పేజీలు రాసిపెట్టండి. పిల్లలారా, ఇంట్లో పాత నోటు పుస్తకాలుంటే, అమ్మే ముందు ఒక్కసారి తెరిచి చూడండి.