ఎంత మందు చాలు?



మన కృష్ణా తీర జిల్లాల్లో కిడ్నీ జబ్బు అనగానే ఎ.కొండూరు తండాలు గుర్తొస్తాయి. అక్కడ పెద్దల్ని పీడిస్తున్న వ్యాధికి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఈ రోజు నేను చెప్పేది పసివాళ్ల జబ్బు గురించి. రెండు నుంచి ఆరేళ్ల వయసులో ఎక్కువగా వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్ అది. పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బుతాయి, సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. మొదట్లో ‘పిల్లాడు ఒళ్లు చేశాడు’ అని మురిసిపోతాం. తర్వాత ‘నీరు పట్టింది’ అని ఉప్పు మాన్పిస్తాం. మూత్రంలో ప్రోటీన్ పోతోందని తెలిసేసరికి వారాలు గడుస్తాయి.

యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు లేని రోజుల్లో ఈ పిల్లల్లో చాలామంది ఇన్ఫెక్షన్లతో చనిపోయేవారు. స్టెరాయిడ్లు వచ్చాక ఎక్కువమంది కోలుకోసాగారు. అయితే పాశ్చాత్య దేశాల పిల్లలకు పనిచేసిన మందు మన పిల్లలకూ పనిచేస్తుందా? ఆఫ్రికాలో కొన్నిచోట్ల మలేరియాతో ముడిపడిన నెఫ్రోటిక్ జబ్బు స్టెరాయిడ్లకు లొంగలేదు. అందుకే ఆ సందేహం. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల కిడ్నీ వైద్యానికి పునాది వేసిన డాక్టర్ ఆర్.ఎన్. శ్రీవాస్తవ, సహచరులతో కలిసి మన పిల్లల్నే పరీక్షించి 1975లో జవాబు ప్రచురించారు. వీరిలోనూ ఎక్కువమందిది స్టెరాయిడ్లకు లొంగే రకమే. ఆ ఒక్క మాటతో దేశమంతటా వైద్యులకు ధైర్యం వచ్చింది.

ఆయన శిష్యుడు డాక్టర్ అరవింద్ బగ్గా, తర్వాతి తరం వైద్యులు మరో ప్రశ్న వేశారు: ఎంత మందు చాలు? స్టెరాయిడ్ ఎక్కువ కాలం వాడితే ఎదుగుదల కుంటుపడుతుంది, బీపీ పెరుగుతుంది, కంట్లో శుక్లం రావచ్చు. అయినా మొదటి విడత మందు ఆరు నెలలు ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చాలామంది నమ్మారు. మన దేశంలోనే అయిదు ఆసుపత్రుల్లో 181 మంది పిల్లలపై జరిగిన పరిశోధన 2015లో వెలువడింది. మూడు నెలలు వాడినవారికీ, ఆరు నెలలు వాడినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొత్త మందేదీ కనిపెట్టని ఈ పరిశోధన, పసివాడి ఒంట్లోకి అనవసరంగా వెళ్లే మూడు నెలల మందును ఆపింది. నా దృష్టిలో వైద్య పరిశోధనకు ఇంతకన్నా గొప్ప ఫలితం లేదు.

సరిగ్గా కొలవడం మనకు కొత్త విద్యేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రూపొందించారు. కిడ్నీలు దెబ్బతిన్న పిల్లల్లో ఫాస్ఫరస్ పేరుకుని ఎముకలు పాడవుతాయి. ఆ సంగతిని అంకెల్లో చూపే పరీక్షలకు దారివేసినవారిలో ఆయన ముందువరుసలో ఉన్నారు.

మన కృష్ణా డెల్టాకు కావలసింది కూడా అలాంటి కొలతే. నాగాయలంక నుంచో కైకలూరు నుంచో బిడ్డతో ప్రతిసారీ బెజవాడ రావడం కూలి చేసుకునే తల్లికి సాధ్యం కాదు. రావలసిన రోజేదో ఆమెకు తెలియాలి. పొద్దుటి మూత్రంలో ప్రోటీన్‌ను చూపే స్ట్రిప్ ముంచి, రంగు చూసి, నోట్‌బుక్‌లో రాసుకోవడం బడికి వెళ్లని తల్లికి కూడా నేర్పవచ్చు. వరసగా మూడు రోజులు మూడు ప్లస్సులు గానీ అంతకు మించి గానీ వస్తే జబ్బు తిరగబెట్టినట్టే, వెంటనే రావాలి. జ్వరం వచ్చినా, కడుపునొప్పి వచ్చినా ఆలస్యం చేయకూడదు. వాపు తగ్గిందని స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపేయడం ప్రమాదం.

విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ఆ నోట్‌బుక్కులను మందుల చీటీల్లా పారేయనివ్వకండి. బెజవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలోనూ, గుంటూరు వైద్య కళాశాలలోనూ వాటిని ఏళ్ల తరబడి ఒకచోట చేర్చండి. శ్రీవాస్తవ గారు దేశం కోసం అడిగిన ప్రశ్నను మీరు కృష్ణా డెల్టా కోసం అడగండి. జవాబు ఆ తల్లుల రాతల్లోనే దొరుకుతుంది.