రంగం వెళ్ళిన ఓడలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. ఓడల సంగతి ఎత్తితే నేను ఆగనని తెలిసే కాబోలు, గడియారం తెచ్చి నా ఎదురుగా పెట్టారు.

మన కాకినాడ తీరానికి ఒక చిక్కుంది. గోదావరి తెచ్చిపోసే ఒండ్రు వల్ల ఒడ్డు దగ్గర సముద్రానికి లోతు తక్కువ. పెద్ద ఓడ దరికి రాలేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మన ఓడల కథ సగం తెలిసినట్టే.

కోరంగి పేరు చెబితే ఇప్పటి పిల్లలకు మడ అడవులు, బోటు షికారు గుర్తొస్తాయి. రెండు వందల ఏళ్ళ కిందట అది ఓడలు కట్టే, బాగుచేసే రేవు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చేసింది. తుఫానుకు ‘సైక్లోన్’ అని పేరుపెట్టిన హెన్రీ పిడింగ్టన్ కూడా ఈ కోరంగి ఉప్పెన గురించి రాశాడు. ఉప్పెన మిగిల్చినదాన్ని ఒండ్రు పూడ్చింది. వ్యాపారం కాకినాడకు జరిగింది.

కోరంగి ధోని గురించి జాన్ ఎడీ అనే ఆంగ్లేయుడు 1834లో అచ్చయిన వ్యాసంలో కొలతలతో సహా రాశాడు. ఆయన స్వయంగా ఓడలు కట్టించే అధికారి. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగుభాగం చదును. ఖాళీగా ఉంటే నాలుగడుగుల నీళ్ళు చాలు, సరుకు నింపితే తొమ్మిది. చూపుకి మొద్దుగా ఉంటుందని ఆయన ముఖం చిట్లించాడు గానీ, మన ఒండ్రు మీద సరుకుతో నడవాలంటే అడుగు అలాగే ఉండాలి మరి.

ఆయన ఇంకో విషయం రాశాడు, అది మన లెక్కల మాస్టార్లకు నచ్చుతుంది. సరంగు చేతిలో చిన్న చదరపు చెక్క, దాని నడుమ ఒక దారం, దారానికి ముడులు. చెక్క పై అంచు ధ్రువనక్షత్రానికి, కింది అంచు సముద్రపు గీతకు ఆనేలా పట్టుకుని దారాన్ని ముక్కు కొసకు లాగుతాడు. ఏ ముడి దగ్గర ఆగిందో చూస్తే ఏ రేవుకు సరితూగే చోట ఉన్నాడో తెలుస్తుంది. ఎడీ దీన్ని మొరటు పద్ధతి అన్నాడు. నాకైతే అది త్రికోణమితి. మనం పదో తరగతిలో ఆ పాఠానికి ఎంత భయపడ్డామో ఇక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

తర్వాత పొగ ఓడలు వచ్చాయి. 1856లో కలకత్తా–బర్మా మధ్య స్టీమర్లు నడపడానికి పుట్టిన కంపెనీ 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అయింది. భీమిలి, విశాఖ, కాకినాడ దాని మజిలీలు. కాకినాడ నుంచి నేరుగా రంగూనుకు స్టీమరు ఉండేది. మనవాళ్ళ నోట రంగూను ‘రంగం’ అయింది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక తవ్విన కాలువలు పొలాలకు నీళ్ళిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. లోపలి ఊళ్ళ జనం మూటాముల్లెతో కాలువ పడవెక్కి కాకినాడ చేరేవారు. స్టీమరు మైళ్ళ దూరంలో లంగరు వేసి ఉండేది. ఒడ్డు నుంచి దాని దాకా మళ్ళీ పడవే. ఆ పడవ ఊగుతుండగా నిచ్చెన పట్టుకుని పైకెక్కాలి. ఆ తర్వాత డెక్కు మీద మూడు నాలుగు రోజులు, పక్కన వాళ్ళ తిండిమూట.

వాళ్ళు ఏ సరదాకో వెళ్ళలేదు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చాడు కాబట్టి వెళ్ళారు. ధాన్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోశారు. అక్కడ తెలుగు కూలీని ‘కోరంగీ’ అనేవారు. ఓడలు కట్టిన మన ఊరి పేరు అక్కడ తిట్టయింది. 1930 మేలో రంగూను రేవులో తెలుగువాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే బర్మావాళ్ళను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరాక వాళ్ళను వెళ్ళగొట్టారు. రెండు పక్షాలూ పేదవాళ్ళే. ఆ కొట్లాటల్లో వందమందికి పైగా చనిపోయారు.

మా తాత రెండుసార్లు రంగం వెళ్ళాడు. రెండోసారి స్టీమరులో వెళ్ళి నడిచి వచ్చాడు. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూను మీద బాంబులు వేశారు. ఓడలో చోటు దొరికినవాళ్ళు ఓడెక్కారు, దొరకనివాళ్ళు నడిచారు. కొందరు అరకాను కొండలు దాటి చిట్టగాంగు వైపు, కొందరు తమూ మీదుగా మణిపూరు వైపు. దారిలో కలరా. 1942 ఏప్రిల్ 6న మన కాకినాడ మీదా, విశాఖ మీదా బాంబులు పడ్డాయి. మా తాత ఇంటికి చేరింది ఆ తర్వాతే. ఆ నడక గురించి ఎంత అడిగినా చెప్పేవాడు కాదు. స్టీమరు గురించి మాత్రం అడగకుండానే చెప్పేవాడు, కూత ఎలా ఉండేదో నోటితో పట్టి వినిపించేవాడు.

ఆ స్టీమర్ల పేర్లు, టన్నులు, కట్టిన సంవత్సరాలు ఇంగ్లీషు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. వాటి డెక్కు మీద కూర్చున్నవాళ్ళ ఊళ్ళు, పేర్లు మన ఇళ్ళల్లో తప్ప ఇంకెక్కడా దొరకవు. అదీ నానాటికీ తగ్గిపోతోంది. అందుకే ఈ సభను ఒకటి అడుగుతున్నాను. మీ ఇంట్లో రంగం వెళ్ళొచ్చిన వాళ్ళ ఉత్తరం, ఫోటో, టికెట్టు, బర్మా నోటు ఏదున్నా బడి లైబ్రరీకి ఒకసారి తీసుకురండి. కాపీ తీసుకుని అసలుది మీకే ఇచ్చేస్తాం. తొమ్మిదో తరగతి పిల్లల్ని తాళ్ళరేవు పంపిద్దాం. ధోనులు కట్టిన వడ్రంగుల కుటుంబాల్లో పెద్దవాళ్ళను కలిసి, పడవలో ఏ భాగాన్ని ఏమంటారో వాళ్ళ మాటల్లోనే రాసుకురమ్మందాం. సోషల్ మాస్టారు పిల్లల్ని తీసుకెళ్తానన్నారు. హెడ్మాస్టరుగారు ఒక బీరువా ఇస్తానన్నారు.

మొదటి వస్తువు నేనే తెచ్చాను. మా తాత రంగంలో పనిచేసిన రోజుల నాటి ఇత్తడి చెంబు, అడుగున బర్మా అక్షరాలు గీసి ఉన్నాయి. భోజనాల దగ్గర బల్ల మీద పెట్టాను. ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఎవరైనా మీలో ఉంటే దయచేసి నన్ను కలవండి.