ఫిల్లర్ సూది వేయించుకుంటే

అనంతపురం ఎండకు ముఖం ముడతలు పడిందని, వాటిని పూడ్చే ఫిల్లర్ సూది వేయించుకోవాలనుకుంటున్నారా? అందులో ఎక్కువగా వాడేది హైలురోనిక్ ఆమ్లం, మన చర్మంలోనూ ఉండి తేమను పట్టి ఉంచే పదార్థమే. పని గంటలోపే అయిపోతుంది. సాయంత్రానికి సూది గుచ్చిన చోట ఉబ్బొచ్చు, కమిలి నీలంగా మారొచ్చు. కంగారు పడకండి, వారం రెండు వారాల్లో తగ్గుతుంది. రెండు రోజులు ఎండలో తిరగొద్దు, ముఖం రుద్దొద్దు. సాధారణంగా 6 నుంచి 18 నెలల్లో మందు కరిగిపోతుంది.

చర్మం తెల్లగా పాలిపోయినా, నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా మాత్రం క్షణం ఆగొద్దు, ఆస్పత్రికి పరుగెత్తండి. మందు రక్తనాళానికి అడ్డుపడి ఉండొచ్చు. ఆ ఫిల్లర్‌ను కరిగించే హైలురోనిడేజ్ అనే మందు దగ్గరుంచుకునే చర్మవైద్యుల దగ్గరే వేయించుకోండి. బ్యూటీ పార్లర్‌లో వద్దే వద్దు.