పదో తరగతి సెలవుల్లో తేలిపోయే సీటు

(జిల్లా మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



‘ఉన్నత విద్యలో స్త్రీలు’ అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను యూనివర్సిటీలో పనిచేసినదాన్ని కాను. ఇరవై ఎనిమిదేళ్ళు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పాను, అందులో ఎక్కువ కాలం ఖమ్మం జిల్లాలోనే. అందుకని యూనివర్సిటీ గేటు లోపల ఏం జరుగుతుందో నేను చెప్పలేను. ఆ గేటు దాకా మన ఆడపిల్ల ఎందుకు రాలేకపోతోందో మాత్రం కొంత చెప్పగలను.

ఐ.ఐ.టి.లో సీటు ఎవరికొస్తుందో పరీక్ష హాల్లో తేలుతుందని అందరూ అనుకుంటారు. నేను చూసినంతవరకు అది అంతకు రెండేళ్ళ ముందే, పదో తరగతి పరీక్షలైపోయిన సెలవుల్లో, ఇంటి ముందు గదిలో తేలిపోతుంది. అప్పుడు అక్కడ కూర్చుని మాట్లాడేవాళ్ళు నాన్న, బాబాయి, మేనమామ, కాలేజీ నుంచి వచ్చిన పి.ఆర్.వో. పిల్ల లోపల టీ పెడుతూ ఉంటుంది. టీ పెడుతూ వింటుంది కూడా.

ఆ పి.ఆర్.వో.లు ఫలితాలు వచ్చేదాకా ఆగరు. ఇప్పుడైతే సంక్రాంతి వెళ్ళగానే ఊళ్ళమీద పడుతున్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ముందు అబ్బాయి గురించే అడుగుతారు. వాళ్ళకు తెలుసు, డబ్బు ఎవరి మీద పెడతారో.

మా వైపు మిర్చి పంట. 2012లో నా దగ్గర ఎం.పి.సి.లో చేరిన ఒక పిల్ల, ఆమెకంటే ఏడాది చిన్నవాడైన తమ్ముడు. మూడెకరాల మిర్చి. మిర్చి ధర బాగుంటే పిల్లాడికి విజయవాడ, బాగోకపోతే ఖమ్మం అని ఆ తండ్రి ముందే లెక్క వేసుకున్నాడు. ధర ఎలా ఉన్నా కూతురు మాత్రం మా కాలేజీయే. ఆమెకు పదిలో తమ్ముడికంటే మంచి మార్కులొచ్చాయి. నేను వాళ్ళింటికి వెళ్ళి ఈ మాటే అంటే, వాళ్ళమ్మ నవ్వి, “తెలివి ఎక్కడున్నా ఉంటుంది కదా మేడమ్. వాడికి లేదు కాబట్టే అంత దూరం పంపుతున్నాం” అంది. ఎంత ప్రేమగా అందో! నాకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు. తెలివిగల పిల్లకు ఖర్చు పెట్టనక్కర్లేదు, తెలివి తక్కువ పిల్లాడికి ఖర్చు పెట్టక తప్పదు. ఎటు తిప్పినా డబ్బు ఒకవైపే వెళ్తుంది.

ఇంకొకళ్ళ ఇంటి గురించి చెప్పటం తేలిక. నా ఇంటి సంగతి కూడా చెప్పాలి.

మా అమ్మాయి 2001లో పది పాసయింది, అబ్బాయి 2003లో. అమ్మాయికి లెక్కలంటే ప్రాణం. అన్నం తింటూ కంచం పక్కన వేలితో లెక్కలు చేసేది. ఐ.ఐ.టి. రాస్తానంది. నేను ఆమెను నా కాలేజీలోనే చేర్చుకున్నాను. నా కళ్ళముందు ఉంటుంది, నేనే చెప్పుకుంటాను, హాస్టల్లో ఆడపిల్ల ఏం అవస్థలు పడుతుందో అని అన్నాను. అవన్నీ నిజమైన భయాలే. రెండేళ్ళ తర్వాత అబ్బాయిని మాత్రం విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీకి పంపాం. అప్పుడు ఆ భయాలేవీ నాకు గుర్తు రాలేదు. ఫీజుకోసం ప్రావిడెంట్ ఫండులో లోను పెట్టాను. వాడికి ఐ.ఐ.టి. రాలేదు, అది వేరే సంగతి. అమ్మాయి ఎంసెట్ రాసి దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది. బాగానే ఉంది. కానీ చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు, గొడవేమీ లేకుండా, బట్టలు మడతపెడుతూ, “రాసి తప్పితే వేరే సంగతమ్మా. నన్ను అసలు రాయనివ్వలేదు కదా” అంది. అప్పటికి నేను పదేళ్ళుగా మహిళా సంఘం సభల్లో మాట్లాడుతున్నాను. ఆస్తిహక్కు మీద ఉపన్యాసాలిస్తున్నాను.

ఆస్తిహక్కు అన్నాను కాబట్టి ఒక మాట. మన రాష్ట్రంలో 1985లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చారు. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. కూతురికి వాటా ఎప్పుడిస్తారని మనం అడుగుతూ వచ్చాం. కానీ తండ్రి బతికుండగానే, పిల్లలకు పదహారేళ్ళప్పుడే, ఆ ఆస్తి ఫీజుల రూపంలో కొడుకు వైపు వెళ్ళిపోతోంది. కూతురి పేరు మీద మిగిలేది కట్నం డబ్బు. అది ఆమె చేతికి రాదు. కొడుకు ఫీజును పెట్టుబడి అంటారు, కూతురి ఫీజును ఖర్చు అంటారు. వాకబు చేయండి, ఇవే మాటలు వాడతారు.

వివక్ష ఇంటర్‌తో మొదలవదు. కొడుకును ఎల్.కె.జి. నుంచే ఇంగ్లీషు మీడియం ప్రైవేటు స్కూలుకు, కూతురిని ఊళ్ళో తెలుగు మీడియం సర్కారు బడికి పంపిన ఇళ్ళు ఎన్నో నాకు తెలుసు. దాని ఫలితం ఎక్కడ బయటపడుతుందో చూడండి. జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుంచి తెలుగులో కూడా రాయవచ్చు. అందులో నెగ్గి అడ్వాన్స్‌డ్‌కు వెళ్తే ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది, తెలుగులో ఉండదు. పదేళ్ళ కిందట మీడియం ఎంచినవాళ్ళు అక్కడ ఆ పిల్ల పక్కన కూర్చుని అర్థం చెప్పరు కదా.

వెనకటి రోజుల్లో హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్య గారి దగ్గర ఐ.ఐ.టి. శిక్షణ ఉండేది. అందులో చేరటానికే ఒక ప్రవేశ పరీక్ష, ఆ పరీక్షకు తయారు చేయటానికి మళ్ళీ వేరే కోచింగులు ఉండేవి. క్లాసులు తెల్లవారుజామున మొదలయ్యేవి. ఆయన నిష్ఠ గురించి నాకు గౌరవమే. నేను అనేది ఆ వేళ గురించి. ఇంకా చీకటి ఉండగా పదిహేనేళ్ళ పిల్ల ఒక్కతే రోడ్డు మీద నడిచి వెళ్ళగలిగే ఊరు మనకు ఎక్కడుంది? తోడుగా తండ్రో అన్నో రావాలి. వాళ్ళకు అంత ఓపిక ఉంటేనే ఆమెకు ఆ చదువు.

ఇక ఇంట్లో ఉండి చదవటం. ఈ పరీక్షల లెక్కలు మామూలు ఇంటర్ లెక్కల్లాంటివి కావు. ఒక్కోదానికి ముప్పావుగంట కదలకుండా కూర్చోవాలి. మధ్యలో “పాలు పొంగుతున్నాయేమో చూడు” అంటే లేచి వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. అబ్బాయి చదువుకుంటుంటే టీవీ ఆపుతారు. అమ్మాయి చదువుకుంటుంటే, ఖాళీగా ఉంది కదా అని పిలుస్తారు. నా విద్యార్థినుల్లో చాలామంది రాత్రి అంట్లు తోమాక పదింటికి పుస్తకం తీసేవాళ్ళు. మర్నాడు నా క్లాసులో కునికిపాట్లు పడేవాళ్ళు. మొదట్లో నేను తిట్టేదాన్ని. కారణం ఆలస్యంగా తెలిసింది.

కార్పొరేట్ కాలేజీల గురించి నా అభిప్రాయం మీకు తెలుసు. పొద్దున అయిదు నుంచి రాత్రి పదిదాకా స్టడీ అవర్లు, వారానికో పరీక్ష, ర్యాంకును బట్టి సెక్షన్లు మార్చటం, తలుపులకు తాళాలు. పిల్లల ఆత్మహత్యల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ వేశారు. కమిటీ నివేదికలు వచ్చాయి, పిల్లల చావులు మాత్రం ఆగలేదు. ఇదంతా చెప్పి ఒకసారి ఒక పిల్లను అలాంటి హాస్టలుకు వెళ్ళొద్దని ఒప్పించబోయాను. “అక్కడ అంట్లు తోమక్కర్లేదు కదా మేడమ్” అంది. నిజమే. ఆ తాళాల గదిలోనే ఆమెకు మొదటిసారి సొంతానికి ఒక టేబులు, ఒక లైటు దొరికాయి. మన విమర్శలో ఈ మాటకు చోటు లేకపోతే ఆ పిల్లలు మన మాట వినరు.

‘లాంగ్ టర్మ్’ సంగతి కూడా చూడండి. మొదటిసారి ర్యాంకు రాకపోతే ఏడాది ఆగి మళ్ళీ రాయటం. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్ళలో రెండుసార్లు రాయనిస్తారు. మగపిల్లాడు ఆ ఏడాది ఇంట్లో ఉంటే ‘లాంగ్ టర్మ్ చేస్తున్నాడు’ అంటారు. అదే ఆడపిల్ల ఉంటే ‘ఖాళీగా ఉంది’ అంటారు, సంబంధాలు రావటం మొదలవుతుంది. చట్టం దృష్టిలో ఇద్దరికీ రెండేసి అవకాశాలు. మన ఊళ్ళో ఆమెకు ఒక్కటే.

సీట్ల విషయంలో ప్రభుత్వాలు కొంత చేశాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. మన రాష్ట్ర ఇంజనీరింగ్ సీట్లలో ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు ఆడపిల్లలకు ఉంది. ఐ.ఐ.టి.లలో 2016లో చేరినవాళ్ళలో ఆడపిల్లలు దాదాపు 8 శాతమే. తర్వాత 2018 నుంచి స్త్రీలకోసం అదనపు సీట్లు సృష్టించారు. ఆ ఏడు 14 శాతం, 2019లో 17, 2020లో 20 శాతం లక్ష్యంగా పెట్టుకున్నారు. ఇవి ఉన్న సీట్లకు పైన కలిపినవి, మగపిల్లల సీట్లు తగ్గించినవి కావు. అయినా ‘కోటాలో వచ్చింది’ అని ఆ పిల్లలను వెక్కిరించేవాళ్ళున్నారు. వాళ్ళూ అదే పరీక్ష రాసి అర్హత సంపాదించినవాళ్ళే. రాత్రి పదింటికి పుస్తకం తీసి తెచ్చుకున్న ర్యాంకుకు, వేళకు పాలగ్లాసు అందుకుంటూ తెచ్చుకున్న ర్యాంకుకు తేడా ఎంతో కొలిచే సాధనం వాళ్ళ దగ్గరుంటే చూపించమనండి.

అడ్వాన్స్‌డ్ దరఖాస్తు ఫీజు 2025లో అందరికీ 3,200 రూపాయలైతే ఆడపిల్లలకు సగం, 1,600. మంచిదే. కోచింగ్ ఫీజులో సగం లేదు కదా. సీటు వచ్చాక ఫీజు ఎలా కట్టాలన్న భయంతో వెనక్కి తగ్గే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇది కార్యకర్తలు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఐ.ఐ.టి.లలో ఎస్.సి., ఎస్.టి., వికలాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష రూపాయలలోపు ఉంటే ఏ కులమైనా ట్యూషన్ ఫీజు ఉండదు. లక్ష నుంచి అయిదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు తగ్గుతుంది. తహసీల్దారు ఆఫీసులో ఆదాయ ధ్రువపత్రం వేళకు తీసి పెట్టుకోవటం తప్ప వేరే సిఫార్సు అక్కర్లేదు.

కోచింగ్ లేకుండా పోగలిగే దారి కూడా ఒకటుంది. 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ యూనివర్సిటీ, మనం బాసర ట్రిపుల్ ఐ.టి. అనేది, నూజివీడు, ఇడుపులపాయల్లోనూ ఉంది. పది మార్కులతో నేరుగా చేరి ఆరేళ్ళు చదువుకుని ఇంజనీరుగా బయటికి వస్తారు. పల్లెటూరి సర్కారు బడి పిల్లల గ్రేడుకు 0.4 పాయింట్లు కలిపే పద్ధతి పెట్టటం వల్ల మా జిల్లా నుంచి ఎంతమంది కూలీల పిల్లలు వెళ్ళారో నేను కళ్ళారా చూశాను. ఎంట్రన్స్ తీసేస్తే, ఇంట్లో డబ్బు ఎవరి మీద పెట్టాలన్న పంచాయితీ కూడా పోతుంది. అక్కడి హాస్టళ్ళ ఇబ్బందుల మీద కొట్లాడుతూనే ఆ పద్ధతిని మనం నిలబెట్టుకోవాలి.

2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిచ్చింది. పదహారేళ్ళలోపు పిల్లల్ని చేర్చుకోకూడదు, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు తిరిగివ్వాలి అని అందులో ఉంది. మన దగ్గర ఇవన్నీ జూనియర్ కాలేజీల పేరుతో నడుస్తాయి కాబట్టి మాకు వర్తించవు అంటున్నారు. హాస్టల్లో ఆరోగ్యం చెడి పిల్ల ఇంటికొచ్చేస్తే కట్టిన ఫీజు పోయినట్టే. ఆ ఫీజు పోతుందనే భయంతో జ్వరంతో ఉన్న పిల్లను మళ్ళీ దింపి వచ్చిన తల్లులున్నారు. ఈ విషయం మీద సంఘం తరఫున కలెక్టరు గారికి వినతిపత్రం ఇవ్వాలని నా ప్రతిపాదన. సాయంత్రం చర్చలో మాట్లాడదాం.

పరీక్ష ఫలితాలు వచ్చాక మనం వెళ్ళి చేసేదేం లేదు. ర్యాంకు వచ్చిన అమ్మాయికి శాలువా కప్పి ఫోటో తీయించుకుంటాం, అంతే. వెళ్ళాల్సింది జనవరి, ఫిబ్రవరి నెలల్లో, పి.ఆర్.వో. కంటే ముందు. తల్లులతోనే కాదు, తండ్రులతో కూడా కూర్చోవాలి, ఎందుకంటే సంతకం వాళ్ళది. కొడుకు ఫీజు ఎంత, కూతురి ఫీజు ఎంత అని ఒక కాగితం మీద పక్కపక్కన రాయించండి. మాటల్లో ఒప్పుకోనివాళ్ళు కూడా ఆ కాగితం చూసి కాసేపు మాట్లాడకుండా కూర్చుంటారు. మా మండలంలో పోయిన ఏడాది నాలుగిళ్ళలో ఇలా చేశాం. రెండిళ్ళలో ఫలించింది. ఒక ఇంట్లో మమ్మల్ని మళ్ళీ రావద్దన్నారు.

రిటైరయ్యాక ఆదివారాలు పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా మా వరండాలో లెక్కలు చెప్తున్నాను. ఇప్పుడు నలుగురు వస్తున్నారు. అయిదో పిల్లకు ఆదివారం పొద్దున ఇంట్లో నీళ్ళ పని ఉందట. వాళ్ళ నాన్నతో మాట్లాడటానికి ఎల్లుండి వెళ్తున్నాను, మీలో ఇద్దరు నాతో వస్తే బాగుంటుంది.