జాబితా ముప్పై దగ్గర ఆగితే
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)





కంప్యూటర్ చదువుల్లో వస్తున్న కొత్త పద్ధతుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విద్యా కమిటీలో ఉన్న మేము ముగ్గురమూ సుద్దముక్క పట్టిన టీచర్లం. ఈ సంగతులు మేము పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, గంపలగూడెం నుంచి ఇంజినీరింగ్ చదువులకు వెళ్లిన మన పిల్లల దగ్గరే నేర్చుకున్నాం.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ‘జ్ఞానం’ అనే మాటలో మొదట వచ్చే అక్షరం ఉంది కదా, అలాంటి ఒక తెలుగు అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడిపోయేవి. ఆపిల్ సంస్థ అదే నెల 19న 11.2.6 అనే సవరణ విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. తప్పును ఎవరో ఒకరు గమనించి బయటపెడితేనే దిద్దేవాళ్లు దిద్దుతారు.

అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్లలో ఈ పని ఒక పద్ధతిగా జరుగుతుంది. కోడ్ దాచే చోటును రిపాజిటరీ అంటారు. అక్కడ ఎవరైనా ‘ఇక్కడ ఈ లోపం ఉంది’ అని రాసి పెట్టవచ్చు. దాన్ని ఇష్యూ అంటారు. మన భాషలో చెప్పాలంటే అర్జీ. ప్రతి అర్జీకీ ఒక నంబరు, ఒక శీర్షిక ఉంటాయి; అది ఏ రకమో చెప్పే లేబుల్, ఎవరికి అప్పగించారో వారి పేరు కూడా ఉండవచ్చు. 2008లో మొదలైన గిట్‌హబ్‌లో ఇలాంటి రిపాజిటరీలు కోట్లలో ఉన్నాయి. కొత్తవాళ్లు చేయదగిన చిన్న పనులకు ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అనే లేబుల్ కూడా పెడతారు. ఉద్యోగానికి వెళ్లే పిల్లవాడు ‘ఇదిగో, నేను దిద్దిన తప్పు’ అని చూపించగలిగితే, సిఫారసు చేసేవాళ్లు లేని ఇంటి బిడ్డకు అదే సిఫారసు.

మన సొసైటీ ఫీజు కట్టిన ఒక అమ్మాయి రంజాన్ సెలవుల్లో లాప్‌టాప్ తెచ్చి మాకు చూపించింది. అందులో ఏఐ కోడింగ్ అసిస్టెంట్ ఉంది. ‘ఈ రిపాజిటరీలో తెలుగు అక్షరాలకు సంబంధించి, ఇంకా ఎవరికీ అప్పగించని ఇష్యూలు చూపించు’ అని మామూలు మాటల్లో అడిగింది. అది తనే ఆదేశం రాసుకుని, జాబితా తెచ్చుకుని, వడకట్టి, ‘అలాంటివి ఏవీ లేవు’ అని చెప్పింది. అమ్మాయి ముఖం చిన్నబోయింది.

‘మనకేమీ మిగల్లేదు సార్’ అంది.

‘అది మొత్తం ఎన్ని చూసిందమ్మా?’ అని అడిగాం.

‘ముప్పై సార్.’

‘సరిగ్గా ముప్పయ్యేనా?’

హాజరు పట్టీ రాసే చేతికి గుండు సంఖ్య కనబడితే అనుమానం వస్తుంది. వెతికితే సంగతి తెలిసింది. ఆ జాబితా తెచ్చే ఆదేశం, మనం సంఖ్య చెప్పకపోతే 30 దగ్గర ఆగిపోతుంది. కొత్తవి ముందు వస్తాయి, పాతవి వెనకబడతాయి. అసిస్టెంట్ ఆ ముప్పైలోనే వెతికి ‘లేవు’ అంది. 200 వరకు తెమ్మని మళ్లీ అడిగితే నూట నలభైకి పైగా వచ్చాయి. తెలుగువి రెండు. ఒకదాంట్లో ఒత్తు అక్షరం కింద ఉండకుండా పక్కకు జరిగిపోతోందని ఎవరో ఎప్పుడో రాశారు. దానికి లేబుల్ లేదు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ అమ్మాయి దానిమీదే కూర్చుంది. ఆమె పంపిన సవరణ ఇప్పుడు పరిశీలనలో ఉంది.

ఆ రాత్రి తరావీహ్ అయ్యాక ఇంటికి నడుస్తూ మేము మాట్లాడుకున్నది కంప్యూటర్ గురించి కాదు, మా గురించే. అంతకుముందు ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తులను మేము కూడా ఇలాగే వడకట్టాం. ఆదాయ ధ్రువపత్రం జత చేసినవి ఒక కట్ట, చేయనివి ఒక కట్ట. నిధులు మొదటి కట్టతోనే అయిపోయాయి. రెండో కట్ట విప్పలేదు. అందులో తండ్రి లేని ఒక పిల్లవాడి దరఖాస్తు ఉంది. పత్రం కోసం తిరువూరు తిరగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మాకు తెలిసేసరికి వాడు చదువు మానేసి మిరప కోతలకు వెళ్తున్నాడు. ఆ తప్పు ఏ యంత్రానిదీ కాదు, మాదే. దాతలు మా చేతిలో పెట్టింది అమానత్. ఎవరికి ఇచ్చామన్నదానికే కాదు, ఎవరిని చూడకుండా వదిలేశామన్నదానికి కూడా జవాబు చెప్పుకోవాలి. ఇప్పుడు రెండో కట్టే ముందు విప్పుతున్నాం. ఆ పిల్లవాడు ఈ ఏడాది ఇంటర్‌లో మళ్లీ చేరాడు, అల్‌హమ్దులిల్లాహ్.

విద్యార్థులారా, అసిస్టెంట్‌ను వాడండి. అది చెడ్డది కాదు, గంట పని నిమిషంలో చేస్తుంది. కానీ మూడు సంగతులు మరవకండి. ఒకటి, ‘లేవు’ అని అది చెబితే, ‘ఎన్నింటిలో వెతికావు, ఏ ఆదేశం వాడావు’ అని అడగండి. రెండు, లేబుల్ ఉన్నవాటితో ఆగకండి. లేబుల్ ఎవరో మనిషి పెట్టాలి, పెట్టడం మరిచిపోయినవీ ఉంటాయి. మూడు, జాబితా చూడటానికి చదివే అనుమతి చాలు, మార్చే అనుమతి ఇవ్వకండి. ఇష్యూలో ఎవరో దురుద్దేశంతో రాసిన మాటను అది మీ ఆజ్ఞగా పొరబడే ప్రమాదం ఉంది.

దాతలకు ఒక్క మనవి. మీ వీధిలో దరఖాస్తు రాయడం తెలియని ఇల్లు ఉంటే మాకు చెప్పండి. వాళ్ల పేరు మా ఏ కట్టలోనూ ఉండదు.

మనకు మేలు చేసే ఇల్మ్‌ను, ఎవరినీ మరచిపోని చూపును అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలామ్.