గల్ఫ్ సంపాదన, సొంతూళ్లో ఇల్లు
(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏటి స్కాలర్‌షిప్పులు, వైద్య సహాయం, రంజాన్ రేషన్ లెక్కలు కార్యదర్శి గారు చదివి వినిపించారు. వాటి మీద మేము మళ్లీ మాట్లాడం. మేము మాట్లాడదలచింది ఇంటి గురించి. మా దగ్గరికి వచ్చేవారు చెప్పుకునే కష్టాల్లో ఆసుపత్రి, ఆడపిల్ల పెళ్లి తర్వాత ఎక్కువగా వినబడేది ఇల్లే. వచ్చేవారందరూ పేదలని అనుకోకండి. పది పదిహేనేళ్లు కువైట్‌లో బండి తోలి, సౌదీలో మేస్త్రీ పని చేసి, సంపాదించిందంతా ఊళ్లో స్థలం మీద పెట్టి, చేతిలో కాగితం తప్ప కాలు మోపడానికి జాగా లేనివారు కూడా వస్తున్నారు. నిన్నటి దాకా జకాత్ ఇచ్చిన చెయ్యి ఇవాళ అద్దె బాకీ కోసం చాపాల్సి వస్తే ఆ మనిషి ముఖం చూడలేం.

మన మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు వానను నమ్ముకున్న నేల. పలకల గనులు, పలకల కార్ఖానాలు ఒకప్పుడు ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టాయి. పిల్లల చేతిలోకి నోటుపుస్తకం వచ్చాక ఆ పని తగ్గింది. వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూస్తూ ఒక తరం ముసలిదైంది. కుర్రాళ్లు కొందరు హైదరాబాదుకు, బెంగళూరుకు, కొందరు గల్ఫ్‌కు పోయారు. పోయిన ప్రతివాడికీ రెండు ఇళ్ల బాధ. అక్కడ తల దాచుకునే ఇల్లు ఒకటి, ఇక్కడ భార్యాపిల్లలకు నీడనిచ్చే ఇల్లు ఒకటి.

ముందు అక్కడి సంగతి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుని కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు మన ఆంధ్రావాళ్లు. కింది అంతస్తులో మంట లేస్తే, పైన కిక్కిరిసిన గదుల్లో నిద్రపోతున్నవాళ్లకు బయటపడే దారి దొరకలేదు. అందుకే చెబుతున్నాం, అద్దె తక్కువని మాత్రమే చూసి గది తీసుకోకండి. మెట్ల దారి తెరిచి ఉందా, కిటికీ తెరుచుకుంటుందా, గదిని చెక్కలతో ఎన్ని ముక్కలు చేశారో చూడండి. 2025 జూన్‌లో దుబాయ్ మునిసిపాలిటీ ఇలా అడ్డు చెక్కలు పెట్టి అద్దెకిచ్చిన ఫ్లాట్ల మీద తనిఖీలు మొదలుపెడితే బెడ్ స్పేసుల్లో ఉన్నవాళ్లు సామాను పట్టుకుని రోడ్డున పడ్డారు. ఇంటి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఫ్లాట్ తీసుకున్నవాడు మరొకరికి అద్దెకివ్వకూడదని అక్కడి చట్టం. మన కుర్రాడు డబ్బు ఇచ్చేది ఆ మధ్యవాడికి, కాబట్టి రేపు గొడవైతే చూపించడానికి అతని పేరు మీద ఏ కాగితమూ ఉండదు.

కుటుంబంతో ఉండేవారికి మాత్రం చట్టం కొంత అండగా ఉంది. దుబాయ్‌లో అద్దె ఒప్పందాన్ని ఎజారీలో నమోదు చేయాలి. 2013 నాటి 43వ నంబరు డిక్రీ ప్రకారం యజమాని ఇష్టమొచ్చినట్టు అద్దె పెంచడానికి లేదు. మీ అద్దె ఆ ప్రాంతపు సగటు కన్నా 10 శాతం లోపే తక్కువగా ఉంటే పైసా పెంచకూడదు. 40 శాతానికి మించి తక్కువగా ఉన్నా పెంపు 20 శాతం దాటకూడదు. పెంచదలిస్తే గడువుకు 90 రోజుల ముందే చెప్పాలి. సౌదీలో ఎజార్ అనే ప్రభుత్వ వేదికలో ఒప్పందం నమోదవుతుంది. రియాద్‌లో 2025 సెప్టెంబరు నుంచి ఐదేళ్ల పాటు అద్దెల పెంపునే ఆపేశారు. ఇవి తెలియక, యజమాని తరపు ఏజెంటు అడిగినంతా ఇచ్చేవాళ్లు మనలో ఉన్నారు. ఇలా ఎక్కువ కట్టిన ప్రతి దిర్హమూ ఇక్కడి ఇంటి గోడలో ఒక ఇటుక తగ్గినట్టే.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. గల్ఫ్ నుంచి వచ్చాడని తెలిస్తే సెంటు రేటు అక్కడికక్కడే పెరుగుతుంది. దీనికి మనవాళ్లలో "గల్ఫ్ రేటు" అని పేరు కూడా ఉంది. సెలవు నెల రోజులే, తిరుగు టికెట్టు చేతిలో ఉంది, ఇంట్లో వాళ్లు తొందరపెడుతున్నారు. ఈ మూడూ బ్రోకరుకు తెలుసు. పైగా మార్కాపురం జిల్లా మాట వినబడినప్పుడల్లా, గుంటూరు-అనంతపురం జాతీయ రహదారి పక్కన రంగు జెండాలు పాతినప్పుడల్లా ఇదే చివరి అవకాశమని చెబుతారు. చివరి అవకాశం మళ్లీ వచ్చే ఏడు కూడా వస్తుంది, మేము చూస్తూనే ఉన్నాం.

మీలో చాలామందికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఉద్యోగం కోసం విదేశంలో ఉంటున్న భారతీయుడు ఫెమా చట్టం కింద ప్రవాసి. ప్రవాసి ఇల్లు కొనవచ్చు, ఇంటి స్థలం కొనవచ్చు, దుకాణం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. మరి పొలంలో నాలుగు సున్నపు గీతలు గీసి, మట్టి రోడ్డు వేసి "వెంచర్" అని అమ్మేది ఏమిటి? లేఅవుట్ అనుమతి లేకపోతే కాగితం మీద అది ఇంకా పొలమే.

గిద్దలూరు దగ్గరి పల్లెకు చెందిన ఒక సోదరుడు కువైట్ నుంచి విడతలుగా డబ్బు పంపి ఐదు సెంట్లు కొన్నారు. రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం, ముందు నోటరీ అగ్రిమెంటు, జీపీఏ చాలన్నారు. తీరా సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళితే ఆ సర్వే నంబరు 22-ఏ జాబితాలో ఉంది. అది ఎప్పుడో పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం అలాంటి భూమి అమ్మకాన్ని నిషేధించింది. 2023లో 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు సవరణ తెచ్చారు, తర్వాత ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. కాబట్టి "త్వరలో రెగ్యులర్ అయిపోతుంది" అన్న మాట మీద కొనకండి. జీపీఏ మీద అమ్మకం జరిగితే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. ఆ సోదరుడి భార్య ఇద్దరు పిల్లలతో ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంది.

అదే 22-ఏ జాబితాలో వక్ఫ్ భూములు కూడా ఉంటాయి. మసీదు ఇనాము, దర్గా ఇనాము చవకగా వస్తోందని మన మనిషే మన మనిషికి అమ్మజూపడం మేము విన్నాం. ధర ఎంత తక్కువైనా అది కొనుగోలు కాదు. దాని గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

కొనే ముందు చూసుకోవలసింది పెద్ద విద్యేమీ కాదు. ఈసీ తీయండి. 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందుది కార్యాలయంలో అడిగి తీయించుకోవాలి. లింకు డాక్యుమెంట్లు ముప్ఫై ఏళ్లవి వరుసగా ఉండాలి, మధ్యలో ఒకటి లేకపోతే ఎందుకు లేదో అమ్మేవాడే చెప్పాలి. అమ్మేవాడి అక్కచెల్లెళ్ల వాటా తేలిందో లేదో అడగండి. మన షరియత్‌లో ఆడపిల్లకు వాటా ఉంది, అది ఎగ్గొట్టి అమ్మిన ఇల్లు రేపు కోర్టులో తేలుతుంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా నంబరు ఉండాలి, ఆ నంబరు అడగండి. కొలత కూడా గజాల్లోనే రాయించండి. సెంటంటే 48.4 గజాలు, అందులో తేడా లేదు. అంకణం మాత్రం ఒకచోట 36 చదరపు అడుగులు, మరోచోట 72. బ్రోకరుకు ఏది లాభమో అదే అంకణం.

ధర సబబైనదో కాదో ఎలా తెలుస్తుంది? అదే వీధిలో ఈ ఏడాది కొన్నవారిని అడగండి, అమ్మేవారిని కాదు. బేరానికి గల్ఫ్ మనిషి పోకుండా ఊళ్లో ఉన్న తమ్ముడో బావో పోవాలి. ఇల్లయితే వైశాఖంలో ఒకసారి చూడండి. కార్తీకంలో ప్రతి బోరూ నీళ్లిస్తుంది. ఎండాకాలమంతా ట్యాంకరు కొనాల్సిన ఇంటికీ, కొళాయి వచ్చే ఇంటికీ ఒకే ధర ఎలా అవుతుంది? మన ప్రాంతంలో గోడల కన్నా ముందు నీళ్లకు వెల కట్టాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 20 లక్షల ఇంటికి లక్షన్నర. అది ముందే లెక్కలో వేసుకోండి. అది మిగుల్చుకుందామని దస్తావేజులో ధర తగ్గించి రాయించి తక్కినది నగదుగా ఇచ్చేవారు, రేపు కేసు పడితే రాసినంతే అడగగలరు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆ పైన నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టమే ఒప్పుకోదు.

పవరాఫ్ అటార్నీ ఇవ్వక తప్పకపోతే, ఆ ఒక్క ఆస్తికే, ఆ ఒక్క పనికే పరిమితం చేసి, భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపండి. ఇక్కడికి చేరాక మూడు నెలల్లో స్టాంపు చేయించాలి. సొంత తమ్ముడే కదా అని అన్ని అధికారాలూ రాసిచ్చిన చోట ఆస్తితో పాటు తమ్ముడూ పోయిన ఇళ్లు ఉన్నాయి.

ఇప్పుడు అద్దె ఇళ్ల మాట. పెద్ద ఊళ్లలో మన పేరు వినగానే "ఇప్పుడే ఇచ్చేశాం" అనే ఇంటివాళ్లు ఉన్నారు. అందరూ కాదు. అడగకుండానే తాళం చేతికిచ్చిన హిందూ కుటుంబాలూ మాకు తెలుసు. కానీ ఆ తిరస్కారం వల్ల మనవాళ్లు కొన్ని వీధుల్లోనే ఒత్తుకుని ఉండవలసి వస్తుంది. ఆ వీధుల్లో అద్దెలు పెరుగుతాయి. ఆ పెరిగిన అద్దె ఎవరికి పోతుంది? చాలాసార్లు మన ఇంటివాళ్లకే. ఈ సభలో కూర్చున్న దాతల్లో ఇళ్లు అద్దెకిచ్చేవారు ఉన్నారు, మీరు ఏమనుకున్నా ఇది చెప్పాలి. వాళ్లకు వేరే చోటు లేదని తెలిసి ఆరు నెలల అడ్వాన్సు అడగడం, రసీదు ఇవ్వకపోవడం, భర్త గల్ఫ్‌లో ఉన్నాడని ఏటేటా అద్దె పెంచడం, ఆ తర్వాత రంజాన్‌లో అదే కుటుంబానికి రేషన్ కిట్టు పంపడం మాకు సరిగా తోచడం లేదు.

అందుకని సొసైటీ తరపున మూడు విన్నపాలు. అద్దె ఇళ్లున్న దాతలు రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకుండా, అద్దె బ్యాంకు ద్వారానో రసీదు మీదనో తీసుకుంటామని మా దగ్గర పేరు రాయించండి. ఒంటరిగా ఉన్న తల్లులు ఇల్లు వెదుక్కుంటూ వస్తే ముందు మీ ఇళ్లే చూపిస్తాం. అడ్వాన్సు కట్టలేనివారికి ఖర్జె హసనా ఇచ్చేందుకు విడిగా ఒక ఖాతా నడపాలని కమిటీ అనుకుంటోంది. జకాత్ సొమ్ము ఇందులో కలపం. ఇది అప్పు, వడ్డీ లేకుండా తిరిగి వచ్చేది, ఒకరి తర్వాత ఒకరికి తిరిగేది. మూడోది, మన వకీళ్లు, డాక్యుమెంటు రైటర్లు, రిటైరైన రెవెన్యూ ఉద్యోగులు నెలకు ఒక్క శుక్రవారం జుమా తర్వాత రెండు గంటలు ఇవ్వండి. గల్ఫ్ నుంచి ఎవరైనా వాట్సాప్‌లో సర్వే నంబరు పంపితే, బయానా ఇచ్చే ముందు, అది 22-ఏలో ఉందో లేదో చూసి చెబుదాం.

పేర్లు రాసుకునే పుస్తకం భోజనాల దగ్గర బల్ల మీద ఉంది. ఈ సెలవులో స్థలం చూస్తున్నవారు ఎవరైనా ఉంటే, టికెట్టు తేదీతో సహా అందులో రాసి వెళ్లండి.