దెబ్బను దాచుకోకండి, మాస్టారూ!



2024 డిసెంబరులో రాయచోటిలో, విద్యార్థులను మందలించిన ఉపాధ్యాయుడు వారి దాడి తర్వాత మరణించారన్న వార్త చదివి మన మాస్టార్లే కళ్లముందు మెదిలారు.

“కుర్రాడి బతుకు పాడవుతుంది” అని మీరు దెబ్బను దాచుకుంటారని తెలుసు. ఆ భయం వద్దు. 18 ఏళ్లు నిండనివాడి విషయం బాల న్యాయ మండలి చూస్తుంది. మామూలు గాయమైతే మందలింపు, కౌన్సెలింగ్ వంటివే. రేపటి చదువుకు, ఉద్యోగానికి అడ్డు రాదు.

మా సైట్లలో దెబ్బ తగిలితే ఆ రోజే రిజిస్టరులో ఎక్కిస్తాం. మీరూ ఆసుపత్రిలో గాయం రాయించండి. స్టేషన్‌లో, హెడ్మాస్టరుకు ఫిర్యాదు రాసివ్వండి. ప్రభుత్వ ఉపాధ్యాయులు ఎఫ్.ఆర్. 83 కింద ప్రత్యేక అశక్తత సెలవు అడగడానికి ఆ కాగితాలే ఆధారం.

ఈ అడవి దారిలో భద్రాచలం దాకా ఒంటరిగా వెళ్లొద్దు. కబురు పెట్టండి, మేం వస్తాం.